మోకాలి దగ్గర తెలిసే మోతాదు

గుర్రపువాతంతో, అంటే ఫిట్స్‌తో, వచ్చిన గర్భిణి మంచం పక్కన రెండు వస్తువులు సిద్ధంగా ఉండాలి. ఒకటి రబ్బరు తల ఉన్న చిన్న సుత్తి. రెండోది పది మిల్లీలీటర్ల కాల్షియం గ్లూకోనేట్ యాంపూల్, దాంతోపాటు సిరంజి. ఆమెకు ఎక్కించే మందు మెగ్నీషియం సల్ఫేట్. లేబర్ వార్డులో అందరూ దాన్ని మాగ్‌సల్ఫ్ అంటారు. ఆ మందు ఒంట్లో హద్దు దాటుతోందేమో కనిపెట్టడానికి సుత్తి, దాటితే దాని పట్టు విడిపించడానికి కాల్షియం.

నర్సింగ్‌లో పై చదువులకు వెళ్లే విద్యార్థుల్ని ఎక్కువగా భయపెట్టే సబ్జెక్టు ఔషధశాస్త్రం. లావుపాటి పుస్తకం, వందల కొద్దీ మందుల పేర్లు, ఒక్కో పేరు కింద మోతాదులు, దుష్ఫలితాలు, పడనివి, కూడనివి. పరీక్ష దాటేదాకా బట్టీ పట్టి తర్వాత మరిచిపోయేవాళ్లే ఎక్కువ. కానీ పై స్థాయి నర్సుకు ఈ సబ్జెక్టు పరీక్ష కోసం కాదు. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు మొదలుపెట్టారు. అప్పటి నుంచి నర్సు పని డాక్టరు రాసింది ఇవ్వడంతో ఆగిపోలేదు. రోగిని పరీక్షించడం, మందు పని చేస్తోందో లేదో తేల్చడం, ఎప్పుడు ఆపాలో గుర్తించడం కూడా ఆమె బాధ్యతల్లోకి వచ్చాయి. అందుకే అక్కడ వ్యాధి శరీరధర్మశాస్త్రం, రోగి పరీక్ష, ఔషధశాస్త్రం అనే మూడింటినీ ఈ చదువుకు పునాదిగా పెట్టుకున్నారు. మన దేశంలో భారత నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్ విభాగంలో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును రూపొందించింది. ప్రసవాల విషయంలో తెలంగాణ ముందడుగు వేసింది. స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణను 2017లోనే మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఈ చదువు చదివేవాళ్లు వంద మందుల్ని పైపైన చూసేకన్నా ముందు ఒక్క మందును లోతుగా తెలుసుకోవడం మేలు. అందుకు మాగ్‌సల్ఫ్‌ను మించినది దొరకడం కష్టం. చవకైన మందు, పాత మందు. ఎక్కువ తక్కువల మధ్య సందు ఇరుకు. ఖరీదైన యంత్రాలేవీ లేకుండా, నర్సు తన కళ్లతో చేతులతోనే దాని మోతాదును అదుపులో పెట్టగలదు. ప్రాణం నిలిపేదీ అదే, లెక్క తప్పితే ప్రాణం తీసేదీ అదే.

ముందు జబ్బు సంగతి చూద్దాం. గర్భం 20 వారాలు దాటాక కొందరికి బీపీ 140/90 దాటుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. తలనొప్పి తగ్గదు, కళ్ల ముందు మసకలు కమ్ముతాయి, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి వస్తుంది. అప్పుడు పట్టించుకోకపోతే ఫిట్స్ రావచ్చు. అదే ఎక్లాంప్సియా, మన ఊళ్లలో గుర్రపువాతం. ప్రసవానికి ముందు రావచ్చు, నొప్పులు పడుతుండగా రావచ్చు, బిడ్డ పుట్టాక కూడా రావచ్చు. కాన్పు అయిపోయింది కదా, గండం గడిచిందనుకుని నిశ్చింతగా ఉన్న ఇంట్లో రెండో రోజు ఫిట్స్ వచ్చిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు.

మెగ్నీషియం సల్ఫేట్ అంటే మరేమీ కాదు, మందుల షాపులో విరేచనాలకు దొరికే ఎప్సమ్ ఉప్పే. ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ అనే ఊరి చేదు నీళ్ల నుంచి దానికా పేరు వచ్చింది. ఫిట్స్ ఆపడానికి 1906లో జర్మనీలో హార్న్ అనే వైద్యుడు దాన్ని వెన్నులోకి ఎక్కించి చూశాడు. 1920లలో అమెరికా వైద్యులు కండరానికీ నరానికీ ఇవ్వడం మొదలుపెట్టారు. 1955లో జాక్ ప్రిచర్డ్ ఇచ్చిన మోతాదు పద్ధతి నేటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది. టెక్సస్‌లోని డాలస్‌లో పార్క్‌లాండ్ ఆసుపత్రిలో ఆ పద్ధతిలో చికిత్స పొందిన 245 మంది ఎక్లాంప్సియా రోగుల వివరాల్ని ఆయన బృందం 1984లో ప్రచురించింది. వాళ్లలో చనిపోయింది ఒక్కరే. ఆ ఒక్క మరణానికి కారణం జబ్బు కాదు, పొరపాటున మెగ్నీషియం అతిగా ఎక్కడం. ఈ మందు గురించి చదివే ప్రతి విద్యార్థీ ఈ రెండు సంగతుల్నీ కలిపి గుర్తుపెట్టుకోవాలి.

అయినా చాలా దేశాల వైద్యులు దీన్ని నమ్మలేదు. మూర్ఛ రోగులకు వాడే డయాజిపామ్, ఫినిటాయిన్ ఉండగా విరేచనాల ఉప్పు దేనికి అన్నారు. ఆ వాదం తేలడానికి 1995 దాకా పట్టింది. భారత్‌తో సహా తొమ్మిది వర్ధమాన దేశాల్లో దాదాపు 1,700 మంది ఎక్లాంప్సియా రోగులపై జరిగిన ఉమ్మడి అధ్యయనం ఆ ఏడాది లాన్సెట్ పత్రికలో వచ్చింది. డయాజిపామ్ ఇచ్చినవాళ్లలో 27.9 శాతం మందికి ఫిట్స్ మళ్లీ వచ్చాయి, మెగ్నీషియం ఇచ్చినవాళ్లలో 13.2 శాతం మందికే. ఫినిటాయిన్‌తో పోల్చిచూస్తే నిష్పత్తిలో తేడా ఇంకా ఎక్కువ, 17.1 శాతానికి 5.7 శాతం. ఫినిటాయిన్‌తో పోలిక జరిగింది దక్షిణాఫ్రికా, భారత్ ఆసుపత్రుల్లోనే. మన తల్లులు పాల్గొన్న పరీక్ష ప్రపంచమంతటా వైద్యాన్ని మార్చింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో మాగ్‌సల్ఫ్ చేరింది. ఆ తర్వాత 2002లో వచ్చిన మ్యాగ్‌పై అధ్యయనం, 33 దేశాల్లో పది వేల మందికి పైగా స్త్రీలను పరిశీలించి, ఫిట్స్ రాకముందే ఈ మందు ఇస్తే అవి వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది.

మెగ్నీషియం ఫిట్స్‌ను ఎలా ఆపుతుందన్నది పూర్తిగా తేలని ప్రశ్నే. మెదడు కణాల్ని రెచ్చగొట్టే గ్లుటమేట్ గ్రాహకాలకు అది అడ్డుపడుతుంది, మెదడులోని సన్న రక్తనాళాల బిగువును తగ్గిస్తుంది. కండరాల దగ్గర మాత్రం దాని పని స్పష్టంగా తెలుసు. నాడి కొసకు సంకేతం చేరగానే అక్కడికి కాల్షియం ప్రవేశించాలి. కాల్షియం వస్తేనే ఎసిటైల్‌కోలిన్ విడుదలై కండరం కదులుతుంది. మెగ్నీషియం ఆ కాల్షియం దారికి అడ్డం నిలబడుతుంది. కొంచెం అడ్డుపడితే కండరాలు మందగిస్తాయి, మరీ అడ్డుపడితే ఊపిరి తీసే కండరాలే ఆగిపోతాయి. సుత్తి, కాల్షియం యాంపూల్ రెండూ మంచం పక్కకు చేరడానికి కారణం ఇదే.

ఇంకో మాట. మాగ్‌సల్ఫ్ బీపీ మందు కాదు. ఎక్కించేటప్పుడు కాసేపు బీపీ కొద్దిగా దిగవచ్చు, అంతమాత్రాన బీపీకి మందు పడ్డట్టు కాదు. దానికి లేబెటలాల్, నిఫిడిపిన్, హైడ్రలజైన్ వేరేగా ఇవ్వాలి. మాగ్‌సల్ఫ్ నడుస్తోంది కదా అని 170/110 బీపీని వదిలేస్తే మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం అలాగే ఉంటుంది. ఒక్కో మందు ఒక్కో పనికి. ఈ తేడా తెలియని చోట రెండో మందు మొదలుపెట్టడం ఆలస్యమవుతుంది.

ఇక చేతిలోకి యాంపూల్ తీసుకుందాం. మన దగ్గర దొరికే యాంపూల్ రెండు మిల్లీలీటర్లది. మీద 50 శాతం అని ఉంటుంది. శాతం అంటే వంద మిల్లీలీటర్లలో ఇన్ని గ్రాములని అర్థం. వందలో 50 గ్రాములంటే ఒక మిల్లీలీటర్‌లో అర గ్రాము, ఒక యాంపూల్‌లో ఒక గ్రాము. ప్రిచర్డ్ పద్ధతిలో మొదటి మోతాదు 14 గ్రాములు, అంటే 14 యాంపూళ్లు. అందులో నాలుగు గ్రాములు నరంలోకి. అయితే 50 శాతం ద్రావణాన్ని ఉన్నపళంగా నరంలోకి ఎక్కించకూడదు. నాలుగు యాంపూళ్లలోని ఎనిమిది మిల్లీలీటర్లకు 12 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ కలిపితే మొత్తం 20 మిల్లీలీటర్లు, 20 శాతం ద్రావణం. దాన్ని కనీసం అయిదు నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. మిగిలిన పది గ్రాములు రెండు పిరుదుల్లో చెరో అయిదు గ్రాములుగా, లోతుగా కండరంలోకి. ఒక్కో వైపు పది మిల్లీలీటర్లు పోతుంది కాబట్టి నొప్పి బాగా ఉంటుంది. అందుకే సిరంజిలో కొద్దిగా లిగ్నోకెయిన్ కలుపుతారు.

అనుభవమున్న సిస్టర్ నరంలోకి ఎక్కించే ముందే తల్లితో, “ఒళ్లంతా వేడెక్కినట్టు ఉంటదమ్మా, చెమట పడుతుంది, దాహమేస్తుంది, కంగారుపడకు, మందు గుణం అది” అని చెబుతుంది. మ్యాగ్‌పై అధ్యయనంలో మెగ్నీషియం తీసుకున్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది చెప్పిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ వేడే. ముందే చెబితే ఆమె చేతి క్యాన్యులా లాగేసుకోదు.

మొదటి మోతాదు తర్వాత నాలుగు గంటలకోసారి అయిదు గ్రాములు, ఒకసారి ఈ వైపు, మరోసారి ఆ వైపు. లేదా ఇన్ఫ్యూజన్ పంపు ఉన్నచోట గంటకు ఒక గ్రాము చొప్పున నరంలోకి. ప్రసవమైన తర్వాత లేదా చివరి ఫిట్ తర్వాత, ఏది ఆలస్యమైతే దాని నుంచి 24 గంటల దాకా ఇది సాగుతుంది. మొదట అంత ఎక్కువ, తర్వాత ఇంత తక్కువ ఎందుకనేది ఔషధశాస్త్రానికి గుండెకాయ లాంటి ప్రశ్న. అడుగున చిన్న రంధ్రమున్న నీళ్ల తొట్టిని తీసుకోండి. ఖాళీ తొట్టిని కావలసిన మట్టానికి నింపడానికి ఎన్ని బిందెలు పోయాలన్నది తొట్టి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, రంధ్రాన్ని బట్టి కాదు. నింపాక ఆ మట్టం నిలవాలంటే ఎంత పోస్తుండాలన్నది రంధ్రాన్ని బట్టి ఉంటుంది. మొదటి మోతాదుకు లెక్క రోగి ఒంటి పరిమాణం, తర్వాతి మోతాదులకు లెక్క ఆమె మూత్రపిండాలు.

మెగ్నీషియం కాలేయంలో విరగదు, మారదు. బయటికి పోయే దారి దాదాపు మూత్రమే. మూత్రపిండాలు బాగుంటే రక్తంలో దాని పాళ్లు నాలుగైదు గంటల్లో సగానికి దిగుతాయి. అవి దెబ్బతింటే ఆ సమయం పెరుగుతుంది, నాలుగు గంటలకోసారి పడే మోతాదులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఎక్లాంప్సియా మూత్రపిండాల్ని దెబ్బతీసే జబ్బు కావడమే ఇక్కడ చిక్కు. అంటే మందు అవసరమైన మనిషికే దాన్ని బయటికి పంపే శక్తి తగ్గి ఉంటుంది. అలాంటప్పుడు మొదటి మోతాదు తగ్గించకూడదు, తగ్గిస్తే ఫిట్స్ ఆగవు. తగ్గించాల్సింది, వెనక్కి జరపాల్సింది, ఒక్కోసారి మానేయాల్సింది తర్వాతి మోతాదుల్నే. కిడ్నీ సరిగా లేదని భయపడి మొదటి మోతాదునే సగం చేసేవాళ్లూ, ఏమీ చూడకుండా నాలుగు గంటల మోతాదు ఇచ్చేసేవాళ్లూ చేసేది ఒకే తప్పు. తొట్టినీ రంధ్రాన్నీ కలగలపడం.

ల్యాబ్ కాగితం దగ్గర ఇంకో మోసం పొంచి ఉంటుంది. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.1 అని వస్తే పక్కనే ముద్రించిన సాధారణ హద్దుల్లోనే ఉంటుంది కాబట్టి విద్యార్థి ముందుకు వెళ్లిపోతుంది. ఆ హద్దులు గర్భం లేనివాళ్లవి. గర్భంలో మూత్రపిండాలు వడపోసే రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, క్రియాటినిన్ సాధారణంగా 0.4 నుంచి 0.8 మధ్యకు దిగుతుంది. కాబట్టి ఆమెకు 1.1 అంటే మూత్రపిండాలు ఇబ్బందిలో ఉన్నట్టే. ఒకే అంకె ఒక ఒంట్లో ఆరోగ్యం, మరో ఒంట్లో జబ్బు. పుస్తకంలో మందు మీద చదివిందాన్ని మంచం మీద మనిషికి అన్వయించడం అంటే ఇదే.

ఇప్పుడు సుత్తి దగ్గరికి వద్దాం. రక్తంలో మెగ్నీషియం మామూలుగా లీటరుకు 1.5 నుంచి 2 మిల్లీ ఈక్వివలెంట్లు. ఫిట్స్ ఆపడానికి కావలసింది 4 నుంచి 7. పది దగ్గర పడేసరికి మోకాలి ప్రతిచర్య పోతుంది. ఇంకా పెరిగితే ఊపిరి మందగించి ఆగుతుంది. 25 దరిదాపుల్లో గుండె ఆగుతుంది. ఈ మెట్లు ఇదే వరుసలో ఉండటం వైద్యానికి దొరికిన గొప్ప సౌకర్యం. ఊపిరి ఆగే ముందే మోకాలు చెప్పేస్తుంది. రక్తపరీక్షకు పంపి గంటల తరబడి ఫలితం కోసం ఎదురుచూడక్కర్లేదు. మోకాలి చిప్ప కింద స్నాయువు మీద సుత్తితో తడితే మోకాలి కింది కాలు ముందుకు ఎగరాలి. ఎగిరితే మందు హద్దుల్లో ఉంది. ఎగరకపోతే తర్వాతి మోతాదు పడకూడదు.

ప్రతి మోతాదుకు ముందు చూడాల్సినవి మూడు. మోకాలి ప్రతిచర్య ఉందా. నిమిషానికి ఊపిరి 16కు తగ్గకుండా ఉందా. మూత్రం గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు వస్తోందా. ఊపిరి లెక్కపెట్టడానికి గడియారం పట్టుకుని నిమిషం నిలబడాలి, ఛార్టులో పాత అంకె చూసి అదే రాసేయకూడదు. మూడింటిలో మూత్రమే ముందుగా హెచ్చరిస్తుంది. మిగతా రెండూ మందు ఇప్పటికే పేరుకుందని చెబుతాయి, ఇది పేరుకోబోతోందని చెబుతుంది. అందుకే యూరోబ్యాగ్‌లోని గీతల్ని గంటగంటకూ చూసి రాయడం ఎవరికో అప్పజెప్పే పని కాదు.

ఇక్కడో మెలిక. సిజేరియన్ కోసం వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు కాళ్లలో ప్రతిచర్యలు ఎలాగూ పోతాయి. అప్పుడు మోకాలు మౌనంగా ఉందని మందు ఎక్కువైందనుకుంటే ఫిట్స్‌కు దారి తెరిచినట్టవుతుంది. మత్తు వల్లే కదా అని పట్టించుకోకపోతే నిజంగా విషం ఎక్కినా తెలియదు. అప్పుడు చెయ్యి చూడాలి. మోచేతి మడత దగ్గర బైసెప్స్ స్నాయువు మీద బొటనవేలు పెట్టి, ఆ వేలి మీద సుత్తితో తట్టాలి. మోకాలి పాఠం బట్టీ పట్టినవాళ్లకు ఇది తట్టదు. ఆ ప్రతిచర్య ఎందుకు పోతుందో అర్థమైనవాళ్లకు తట్టకుండా ఉండదు.

ఊపిరి మందగిస్తే చేయాల్సింది వెంటనే చేయాలి. మెగ్నీషియం ఆపాలి, ఆక్సిజన్ పెట్టాలి, ఊపిరి సరిపోకపోతే బ్యాగ్‌తో అందించాలి, పది శాతం కాల్షియం గ్లూకోనేట్ పది మిల్లీలీటర్లు నెమ్మదిగా నరంలోకి ఎక్కించాలి. నాడి కొసలో మెగ్నీషియం అడ్డుకున్న దారిలోనే కాల్షియం పోటీకి దిగి తోవ చేసుకుంటుంది. కొద్ది నిమిషాల్లోనే ఊపిరి తేటపడవచ్చు. కానీ ఇది మెగ్నీషియాన్ని ఒంట్లోంచి తీసేయలేదు, కాసేపు పక్కకు నెట్టింది, అంతే. కాల్షియం ప్రభావం తగ్గాక మెగ్నీషియం ఇంకా అక్కడే ఉండవచ్చు, ముఖ్యంగా మూత్రం రాని మనిషిలో. కోలుకుందని మంచం వదిలి వెళ్లకూడదు.

మత్తు డాక్టరుకు మాగ్‌సల్ఫ్ సంగతి తప్పకుండా చెప్పాలి. వెక్యురోనియం, అట్రాక్యురియం లాంటి కండరాలు సడలించే మందుల బలాన్ని మెగ్నీషియం పెంచుతుంది. మామూలు మోతాదు ఇచ్చినా కండరాలు చాలాసేపు లేవవు. కండరాలు ముందే బలహీనంగా ఉండే మయస్థీనియా గ్రేవిస్ రోగికి ఈ మందు ఇవ్వకూడదు.

బిడ్డ వైపు చూస్తే మెగ్నీషియం మాయను దాటుతుంది. తల్లికి ఈ మందు చాలాసేపు నడిస్తే బిడ్డ మెత్తగా, నీరసంగా పుట్టవచ్చు, కాబట్టి పిల్లల డాక్టరు ప్రసవ సమయానికి దగ్గర ఉండాలి. అదే మెగ్నీషియం, 32 వారాల లోపే పుట్టబోయే బిడ్డ మెదడును కాపాడి సెరిబ్రల్ పాల్సీ వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది. ఇంకోవైపు నొప్పులు ఆపడానికని దీన్ని వారానికి దగ్గరగా ఆపకుండా ఎక్కిస్తే బిడ్డ ఎముకల్లో కాల్షియం తగ్గి అవి పెళుసెక్కుతాయని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మందు అదే, తల్లి గర్భమూ అదే. ఎందుకు ఇస్తున్నాం, ఎన్నాళ్లు ఇస్తున్నాం అన్నదాన్ని బట్టి ఫలితం మారింది.

ఈ జబ్బు పెద్దాసుపత్రిలోనే మొదలవదు. ఊళ్లో సబ్‌సెంటర్‌లో ఉన్న ఏఎన్ఎం దగ్గరికి ఫిట్స్‌తో ఉన్న గర్భిణిని తెస్తే, రెండు పిరుదుల్లో చెరో అయిదు గ్రాములు, మొత్తం పది గ్రాములు లోతుగా కండరంలోకి ఇచ్చి పంపించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ఆమెకు ఇచ్చాయి. నరంలోకి ఇచ్చే భాగం అక్కడ ఉండదు. తర్వాత 108లో మనిషి జిల్లా ఆసుపత్రికి చేరుతుంది. చేర్చుకునే నర్సుకు అప్పుడు మొట్టమొదట తెలియాల్సింది ఎంత ఇచ్చారు, ఏ సమయానికి ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు అన్నది. అది రాసి లేకపోతే ఆమె ముందున్నవి రెండే దార్లు. మళ్లీ మొత్తం ఇచ్చి మోతాదు రెట్టింపు చేయడం, లేదా ఇచ్చేశారేమోనని ఆగి ఫిట్స్‌ను రానివ్వడం. అందుకే రిఫరల్ చీటీ మీద “మాగ్‌సల్ఫ్ 10 గ్రాములు, రెండు పిరుదుల్లో, రాత్రి 9:40” అన్న ఒక్క వాక్యం, దాని కింద అప్పటి ఊపిరి లెక్క, మోకాలి ప్రతిచర్య రాసి పంపాలి. పెద్దాసుపత్రిలోని డాక్టరూ నర్సూ తర్వాతి మోతాదు ఎప్పుడు పడాలో, పడాలో వద్దో, ఆ చీటీ నుంచే లెక్క మొదలుపెడతారు.